బడి గోడ మీద మండేలా మాటలు: ఏవి రాద్దాం, తెలుగులో ఎలా రాద్దాం?

బడిగోడ
అందరికీ నమస్కారం. ప్రకాశం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్తాను. సెలవుల్లో బడికి రంగులు వేయిస్తున్నాం. వరండా గోడ మీద మూడు గళ్ళు ఉన్నాయి. మంచి గుణం గురించి ఒక మాట, స్వేచ్ఛ గురించి ఒక మాట, పట్టుదల గురించి ఒక మాట రాయించాలని హెడ్మాస్టర్ గారు అన్నారు. మూడూ ఒకే మనిషివైతే బాగుంటుందని తొమ్మిదో తరగతి పిల్లలు నెల్సన్ మండేలాను ఎంచుకున్నారు.

ఇప్పటిదాకా ఆ గోడ మీద ఉన్నది ఇదీ: "మన లోతైన భయం మనం చేతకానివాళ్లమని కాదు, మనకు అంతులేని శక్తి ఉందని." కింద మండేలా పేరు, 1994 ప్రమాణ స్వీకార ఉపన్యాసం అని ఉంది. దీన్ని ఉంచాలా, తీసేయాలా? మిగతావి ఏవి రాయాలి? నాకు ఇంగ్లీషు అంతంత మాత్రమే. నెట్‌లో చూస్తే ఒక్కో చోట ఒక్కోలా ఉంది. పిల్లలు పదేళ్ల పాటు రోజూ చూసే గోడ. తప్పు రాయించానేమోనని టెన్షన్ పడేకంటే ముందే అడగడం మేలనిపించింది.

పాత_పుస్తకం
మాస్టారూ, ముందు అది తీసేయించండి. ఆ వాక్యాలు 1992లో వచ్చిన ఒక అమెరికన్ రచయిత్రి పుస్తకంలోవి. 1994 మే 10న ప్రిటోరియాలో ఆయన చేసిన ఉపన్యాసం మొత్తం దొరుకుతుంది, చదివి చూడండి, ఎక్కడా ఆ మాట లేదు. అందులో ఉన్నది వేరే: "ఈ అందమైన నేల మీద ఒకరు ఇంకొకరిని అణగదొక్కడం ఇంకెన్నడూ, ఇంకెన్నడూ, మరింకెన్నడూ జరగకూడదు." మూడుసార్లు అన్నాడు. అక్కడ కూర్చున్నవాళ్లలో ఆయన్ని జైల్లో పెట్టిన ప్రభుత్వానికి పనిచేసిన సైన్యాధికారులు కూడా ఉన్నారు.

నా సలహా ఒకటే. ఏ మాట తీసుకున్నా అది ఏ రోజు అన్నాడో, ఆ రోజు ఎక్కడ ఉన్నాడో, ఏం వదులుకుంటూ అన్నాడో చూడండి. అది తెలియని మాటను గోడకు ఎక్కించకండి. నేను నలభై ఏళ్లుగా ఆయన గురించి చదువుతున్నాను. నా లెక్కలో ఆయన మాటలకు విలువ అక్కడి నుంచే వచ్చింది.

కృష్ణలంక_రాణి
అయితే 1964 కోర్టు మాటే పెట్టాలి కదా! "దాని కోసం చావడానికైనా సిద్ధం" అన్నది. అంతకంటే పెద్ద మాట ఏముంది?

పాత_పుస్తకం
రాణి గారూ, నిజమే. కానీ ఆ వాక్యం పూర్తిగా చూడండి. 1964 ఏప్రిల్ 20, ప్రిటోరియా కోర్టు. బోనులో నిలబడి మూడు గంటల దాకా మాట్లాడాడు. చివర్లో, ప్రజాస్వామ్యం ఉన్న సమాజం, అందరూ సామరస్యంగా, సమానమైన అవకాశాలతో బతికే సమాజం తన ఆదర్శమన్నాడు. ఆ తర్వాత: "ఈ ఆదర్శం కోసం బతకాలనీ, దాన్ని సాధించాలనీ నా ఆశ. కానీ అవసరమే అయితే, దాని కోసం చనిపోవడానికి సిద్ధంగా ఉన్నాను."

ఉరిశిక్ష పడే కేసు అది. జడ్జిని రెచ్చగొట్టినట్టు ఉంటుంది, ఆ చివరి మాట తీసేయమని లాయర్లు బతిమాలారు. ఆయన తీయలేదు. లాయర్ జార్జ్ బిజోస్ సలహా మీద "అవసరమే అయితే" అన్న ముక్క మాత్రం చేర్చాడు. మనవాళ్లు పోస్టర్ల మీద ఆ ముక్కనే కోసేస్తారు. అది కోసేస్తే చావు కోసం ఎదురుచూసే మనిషిలా కనిపిస్తాడు. ముందు బతకాలన్నాడు, సాధించాలన్నాడు. పిల్లలకు కావలసింది ఆ భాగమే. జూన్ 12న యావజ్జీవం పడింది, ఉరి తప్పింది.

అశోక్‌నగర్_గది
మాస్టారూ, పట్టుదల గడి గురించి నేను చెప్తాను. గ్రూప్-2కి మూడోసారి ప్రిపేర్ అవుతున్నాను, హైదరాబాద్‌లో ఒక చిన్న గదిలో నలుగురం ఉంటాం. మా గది గోడ మీద కూడా చాలా సూక్తులు అంటించుకున్నాం. వాటి వల్ల ఒక్క రోజు కూడా నిద్ర లేచి కూర్చోలేదు, నిజం చెప్తున్నాను. నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది ఆయన డిగ్రీ కథ.

1943లో జోహనెస్‌బర్గ్‌లోని విట్‌వాటర్స్‌రాండ్ యూనివర్సిటీలో ఎల్‌ఎల్‌బీలో చేరాడు. పూర్తి కాలేదు. జైలుకు వెళ్లాక లండన్ యూనివర్సిటీ కోర్సు మొదలుపెట్టాడు, అదీ కాలేదు. చివరికి 1989లో యూనివర్సిటీ ఆఫ్ సౌత్ ఆఫ్రికా నుంచి ఎల్‌ఎల్‌బీ వచ్చింది. అప్పటికి 70 దాటాయి, ఇంకా ఖైదీయే. 46 ఏళ్లు! ఆ డిగ్రీతో చేసే ఉద్యోగం ఏదీ ఎదురుగా లేదు. అయినా పూర్తి చేశాడు.

మా నాన్న ఫోన్ చేసి "ఇంకెన్నాళ్లురా" అన్నప్పుడు నాకు ఈ లెక్కే గుర్తొస్తుంది. నాన్నకు చెప్పలేదు ఎప్పుడూ.

కృష్ణలంక_రాణి
తమ్ముడూ, నాన్నకు చెప్పు. ఆయన అడిగేది నీ మీద కోపంతో కాదు. మా అబ్బాయికి కూడా అలాగే అయింది, చెప్పుకున్నాక ఇద్దరికీ భారం తగ్గింది.

బడిగోడ
అశోక్‌నగర్ తమ్ముడూ, ఇది సోమవారం క్లాసులో చెప్తాను. కానీ గోడ మీద రాయడానికి వాక్యం కావాలి. పట్టుదల గురించి ఆయనే అన్నది ఏదైనా?

పాత_పుస్తకం
రెండు ఉన్నాయి. ఒకటి ఆయన ఆత్మకథ చివరి పేజీలో ఉంది: "ఒక పెద్ద కొండ ఎక్కాక తెలిసేది ఒక్కటే, ఎక్కాల్సిన కొండలు ఇంకా చాలా ఉన్నాయని." ఆ పుస్తకం ఎలా పుట్టిందో పిల్లలకు చెప్పండి. 1976లో రాబెన్ దీవి జైల్లో రాత్రిళ్లు దొంగచాటుగా రాశాడు. రాసిన కాగితాలను కోకో డబ్బాల్లో పెట్టి జైలు పెరట్లో పాతారు. మాక్ మహారాజ్ అనే తోటి ఖైదీ సన్నటి అక్షరాల్లో నకలు రాసి, విడుదలైనప్పుడు బయటికి దాటించాడు. పెరట్లో గోడ కట్టడానికి తవ్వుతుంటే డబ్బాలు బయటపడ్డాయి. దాంతో మండేలాకు, తోటి ఖైదీలైన వాల్టర్ సిసులుకు, అహ్మద్ కత్రాడాకు చదువుకునే హక్కు నాలుగేళ్లు తీసేశారు. అశోక్‌నగర్ తమ్ముడు చెప్పిన 46 ఏళ్లలో ఈ నాలుగేళ్లు కూడా కలిసే ఉన్నాయి.

రెండోది ఉత్తరంలోది. 1975 ఫిబ్రవరి 1న భార్య విన్నీకి రాశాడు. అప్పుడు ఆమె కూడా క్రూన్‌స్టాడ్ జైల్లో ఉంది. భర్త ఒక జైల్లో, భార్య ఒక జైల్లో. మనిషి ఎదుగుదలను హోదా, పలుకుబడి, డబ్బు, చదువు చూసి కొలుస్తాం కానీ, లోపలివి అంతకంటే ముఖ్యం అంటాడు: నిజాయితీ, నిష్కపటం, నిరాడంబరత, వినయం, ఔదార్యం, గొప్పలకు పోకపోవడం, తోటివాళ్లకు సాయపడే మనసు. ఇవి ఎవరికైనా అందుబాటులో ఉన్నవే అంటాడు. నిన్ను నువ్వు తెలుసుకోవడానికి జైలు గది మంచి చోటు, రోజూ పడుకునే ముందు ఓ పావుగంట నీ నడవడికను చూసుకో, మొదట్లో నీ లోపాలు నీకు దొరకవు, పదోసారికి దొరకొచ్చు అని రాసి, చివర్లో "సెయింట్ అంటే ప్రయత్నం మానని పాపి అని మరిచిపోకు" అన్నాడు.

గుణం, పట్టుదల రెండూ ఈ ఒక్క ఉత్తరంలో ఉన్నాయి. నన్నడిగితే ఆయన మాటలన్నిటిలో ఇదే పెద్దది. జనం కోసం అన్నది కాదు, కష్టంలో ఉన్న ఒక్క మనిషి కోసం రాసింది.

సముద్రం_పక్కన
పెద్దాయనా, ఆ ఉత్తరం గురించి చెప్పినందుకు చాలా సంతోషం. నేను డర్బన్‌లో ఉంటాను, ఇక్కడికి వచ్చి తొమ్మిదేళ్లు. రాబెన్ దీవి చూశాను. కేప్‌టౌన్ నుంచి పడవలో తీసుకెళ్తారు. ఆ గది మూడడుగులేస్తే అయిపోతుంది. అక్కడ నిలబడితే మాట రాలేదు నాకు. కానీ గది కంటే సున్నపురాయి గని ఎక్కువ బాధపెట్టింది. 1965 నుంచి 13 ఏళ్లు అక్కడ రాళ్లు తవ్వారు. తెల్లటి రాయి మీద ఎండ పడి కళ్లు పోయేంత వెలుగు. నల్ల కళ్లద్దాలు అడిగితే మూడేళ్ల దాకా ఇవ్వలేదు. ఆయన కళ్లు అక్కడే పాడయ్యాయి. మనం మధ్యాహ్నం మేడ మీద సున్నం వేసిన డాబా చూసినా కళ్లు మూసుకుంటాం కదా.

మాస్టారూ, గుణం గురించి పిల్లలకు చెప్పడానికి ఒక సంగతి. జైల్లో నల్లవాళ్లకు పొట్టి నిక్కర్లు, భారతీయులకు పొడుగు ప్యాంట్లు ఇచ్చేవారు. నల్లవాడు ఎంత పెద్దవాడైనా "అబ్బాయే" అని గుర్తుచేయడానికి ఆ నిక్కరు. తిండిలోనూ తేడాయే, భారతీయ ఖైదీలకు రొట్టె ఉండేది, నల్లవాళ్లకు లేదు. మండేలా ప్యాంటు కోసం గొడవ పెడుతూనే ఉన్నాడు. ఒకరోజు గదికి వచ్చి చూస్తే నేల మీద ఒక పొడుగు ప్యాంటు ఉంది. ఎంతో సంతోషించాడట. వేసుకునే ముందు మిగతావాళ్లకు ఇచ్చారా అని వాకబు చేశాడు. ఇవ్వలేదని తెలిసి, తీసుకుపొమ్మన్నాడు. పై అధికారి స్వయంగా వచ్చి పట్టుకుపోయాడు. మళ్లీ నిక్కరే.

బడిగోడ
ఈ ప్యాంటు సంగతి చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. గవర్నమెంట్ బడి పిల్లలు సార్, యూనిఫాం అంటే ఏంటో వాళ్లకు తెలుసు. కొత్తది అందరికంటే ముందు అందినవాడి ముఖమూ చూశాను, అందనివాడి ముఖమూ చూశాను.

ఇప్పుడు తెలుగు మాస్టారిగా నా కష్టం. "క్యారెక్టర్"కు ఏం రాయాలి? నిఘంటువు చూస్తే శీలం అని ఉంటుంది. కానీ శీలం అనగానే మనవాళ్లు ఆడపిల్లల దగ్గరికి వెళ్లిపోతారు. ఆ మాటను మనమే అలా ఇరుకు చేసేశాం. వ్యక్తిత్వం అంటే పర్సనాలిటీ కోర్సుల వాసన వస్తోంది. గుణం అంటే పుట్టుకతో వచ్చేదని అర్థం వస్తుంది, "పుట్టుకతో వచ్చిన గుణం" అంటాం కదా. మండేలా చెప్పేది రోజూ పడుకునే ముందు పావుగంట కూర్చుని సరిచేసుకునేది.

పాత_పుస్తకం
నడవడిక. అందులో నడక ఉంది, రోజూ నడవాలి.

కృష్ణలంక_రాణి
నడవడికకు నా ఓటు. మా అమ్మ "దాని నడవడిక మంచిది" అనేది, అందులో మనిషి మాట తీరు, డబ్బు దగ్గర తీరు, ఇంటికొచ్చినవాళ్ల దగ్గర తీరు అన్నీ ఉండేవి.

పాత_అకౌంటెంట్
ఇన్నాళ్లు చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. స్వేచ్ఛ గడి ఇంకా ఖాళీగా ఉందని రాస్తున్నాను.

1985 జనవరి 31న దక్షిణాఫ్రికా అధ్యక్షుడు బోతా పార్లమెంటులో ఒక మాటిచ్చాడు: హింసను వదిలేస్తానని మండేలా షరతు లేకుండా ఒప్పుకుంటే విడుదల చేస్తాం. అప్పటికి 22 ఏళ్లకు పైగా లోపల ఉన్నాడు. ఆ లోపల ఉండగానే 1968లో తల్లి పోయింది, 1969లో పెద్దకొడుకు కారు ప్రమాదంలో పోయాడు. ఇద్దరి అంత్యక్రియలకూ పంపలేదు. అలాంటి మనిషికి తలుపు తీస్తామన్నారు. ఫిబ్రవరి 10న సొవెటోలో జబులానీ స్టేడియంలో ఆయన కూతురు జింజీ జవాబు చదివింది. "నా స్వేచ్ఛ నాకు ఎంతో ప్రియమైనది. మీ స్వేచ్ఛ నాకు అంతకంటే ముఖ్యం." ఇంకా: "బేరాలాడగలిగేది స్వేచ్ఛ ఉన్నవాళ్లే. ఖైదీలు ఒప్పందాలు చేసుకోలేరు." చివర్లో: "మీ స్వేచ్ఛా నా స్వేచ్ఛా వేరుచేయలేనివి. నేను తిరిగి వస్తాను."

నేను ఒక కంపెనీలో 19 ఏళ్లు లెక్కలు చూశాను. పేరు అనవసరం. ఒక ఏడాది గోడౌన్‌లో సరుకు తగ్గింది. ఎక్కడ తగ్గిందో మాకు తెలుసు, పైవాళ్లకూ తెలుసు. గోడౌన్ చూసే కుర్రాడి మీద ఒక కాగితం తయారుచేసి నన్ను సంతకం పెట్టమన్నారు. పెడితే సీనియర్ పోస్టు. మా అమ్మాయికి అప్పుడే ఇంజనీరింగ్ సీటు వచ్చింది, ఫీజు కట్టాలి. రెండు రోజులు అన్నం సయించలేదు. నేను ఏ సూక్తీ గుర్తు తెచ్చుకోలేదు. పెట్టలేదు, అంతే. పోస్టు రాలేదు. ఏడాది తర్వాత నన్నే వెళ్లిపొమ్మన్నారు. ఆ కుర్రాణ్ణి కూడా ఎలాగూ తీసేశారు. కాబట్టి నేను ఎవర్నీ కాపాడలేదు.

తర్వాత చాలా ఏళ్లకు ఈ 1985 మాట చదివాను. మండేలా మాటను నా చిన్న విషయంతో పోల్చడం లేదు. కానీ "ఖైదీలు ఒప్పందాలు చేసుకోలేరు" అన్నది చదివినప్పుడు, ఆ రోజు నా ఎదురుగా పెట్టింది ప్రమోషన్ కాదని అర్థమైంది. నా అవసరాన్ని చూసి పెట్టిన కాగితం అది. ఇన్నాళ్లూ నా లోపల ఏదో తప్పు చేశానన్న బాధ ఉండేది, పిల్లకు ఫీజు కోసం అప్పు చేయాల్సి వచ్చిందని. ఆ బాధ ఆ రోజు తగ్గింది.

కృష్ణలంక_రాణి
అన్నయ్యా, మీకు నమస్కారం. అమ్మాయికి ఈ సంగతి తెలుసా?

పాత_అకౌంటెంట్
తెలుసమ్మా. ఉద్యోగంలో చేరిన మొదటి నెల జీతంతో ఆ అప్పు అసలు కొంత తనే తీర్చింది.

సముద్రం_పక్కన
అకౌంటెంట్ గారూ, కళ్లు చెమర్చాయి.

ఒక విషయం అడగాలి. అక్కడ షరతు "హింస వదిలేస్తానను" అన్నది కదా. మండేలాను మనవాళ్లు గాంధీగారి పక్కన పెట్టేస్తారు. కానీ 1961లో సాయుధ దళం పెట్టింది కూడా ఆయనే. పిల్లలకు అది దాచిపెట్టి సూక్తులు మాత్రం రాస్తే సగం మనిషినే చూపించినట్టు కాదా?

పాత_పుస్తకం
దాచకూడదు. 1961 డిసెంబరు 16న ఆ దళం మొదటి పేలుళ్లు జరిపింది. మనుషుల మీద కాకుండా ప్రభుత్వ ఆస్తుల మీద జరపాలన్నది వాళ్లు పెట్టుకున్న నియమం. అహింస తనకు ఒక ఎత్తుగడ, మార్చరాని సూత్రం కాదని ఆయనే రాశాడు. కోర్టులోనూ దాచలేదు. 1985 జవాబులో కూడా "హింసను బోతాయే వదులుకోవాలి, వర్ణవివక్షను తీసేస్తానని ఆయనే చెప్పాలి" అన్నాడు.

గాంధీగారితో లింకు మాత్రం నిజం. 1946లో భారతీయుల భూమి హక్కులను కత్తిరించే చట్టం మీద దక్షిణాఫ్రికా భారతీయులు సత్యాగ్రహం చేశారు. రెండు వేల మంది దాకా జైలుకెళ్లారు. మండేలా అప్పుడు లా విద్యార్థి. తాను తరచూ భోజనానికి వెళ్లే ఇంటి ఆవిడ, అమీనా పహాద్, ఏప్రన్ విప్పి పక్కన పెట్టి జైలుకు వెళ్లిపోవడం తన కళ్ల ముందే జరిగిందని రాశాడు. ఉపన్యాసాలిస్తే సరిపోదని తాను నేర్చుకున్నది అక్కడేనట.

సముద్రం_పక్కన
మాస్టారికి ఇంకొకటి చెప్పాలి, ఇది మన భాష సంగతి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ కూలీలను తీసుకుని ఈ ఊరి రేవుకు వచ్చింది. చెరకు తోటల పని కోసం. ఆ ఓడ తర్వాత వచ్చిన ఓడల్లో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల మనవల మనవలకు తెలుగు మాట్లాడటం రాదు, కానీ ఆంధ్ర మహాసభ ఉంది, ఉగాది చేస్తారు. 1996 డిసెంబరు 10న షార్ప్‌విల్‌లో మండేలా సంతకం పెట్టిన రాజ్యాంగంలో, ఆరో సెక్షన్‌లో, గౌరవించి ప్రోత్సహించాల్సిన భాషల పేర్లలో తెలుగు ఉంది. తమిళం పక్కనే. నేను మొదటిసారి చూసినప్పుడు నమ్మలేదు, మళ్లీ చదివాను.

ఇక్కడి కుర్రాళ్లు మాత్రం ఓటొచ్చింది కానీ భూమి రాలేదు, ఉద్యోగం రాలేదు అంటారు. మండేలా ఎక్కువ రాజీపడ్డాడని కోపంగా అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లు చెప్పేదాంట్లో నిజం ఉంది, ఈ ఊళ్లో ఒక రోడ్డుకు అటూ ఇటూ చూస్తే తెలుస్తుంది. ఇంకా కొండలు ఉన్నాయని ఆయనే రాశాడుగా. అందుకే నా ఓటు కొండల వాక్యానికి.

బడిగోడ
తెలుగు సంగతి క్లాసులో చెప్తే పిల్లలు ఎగిరి గంతేస్తారు!

స్వేచ్ఛ గడికి అకౌంటెంట్ గారు చెప్పిన వాక్యమే ఖాయం చేశాను. ఇక్కడ తెలుగు మనకు మేలే చేసింది. ఇంగ్లీషులో అన్నిటికీ ‘ఫ్రీడమ్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టేయొచ్చట. మనకు విడుదల వేరు, స్వేచ్ఛ వేరు, స్వాతంత్ర్యం వేరు. బోతా ఇస్తానన్నది విడుదల. ఆయన అడిగింది స్వేచ్ఛ. స్వాతంత్ర్యం అని రాస్తే పిల్లలకు ఆగస్టు 15, చాక్లెట్లు గుర్తొస్తాయి. కాబట్టి:

"మీ స్వేచ్ఛా నా స్వేచ్ఛా వేరుచేయలేనివి."

నడవడికకు ఉత్తరంలో మాట. ఆ "సెయింట్" దగ్గరే ఆగిపోయాను. సాధువు అంటే కాషాయం, జడలు. మహాత్ముడు అంటే ఒక్కరే గుర్తొస్తారు. "పాపి" అన్న మాట కూడా పిల్లల మీద బరువుగా పడుతుంది.

అశోక్‌నగర్_గది
"మంచివాడంటే, తప్పులు చేసినా ప్రయత్నం మానని మనిషి." ఇలా ఉంటే? నాకైతే చదవగానే నాకే చెప్పినట్టుంది.

పాత_పుస్తకం
బాగుంది. "మంచివాడు" కాకుండా "మంచి మనిషి" అందాం, ఆడపిల్లలూ చదువుతారు కదా. మూలంలో మాట సెయింటే అని మాత్రం క్లాసులో చెప్పండి. మనం సులువు చేశామని వాళ్లకు తెలియాలి.

బడిగోడ
ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. బడి తెరిచారు. మూడు గళ్ళూ అయిపోయాయి. మొదటి దాంట్లో ఉత్తరంలోని మాట, రెండో దాంట్లో స్వేచ్ఛ, మూడో దాంట్లో కొండలు. ప్రతి మాట కింద ఎక్కడ, ఎప్పుడు అన్నది చిన్న అక్షరాల్లో రాయించాను: రాబెన్ దీవి జైలు, 1975. పోల్స్‌మూర్ జైలు, 1985. ఆత్మకథ, 1994. పెయింటర్ గారు మొదట జైలు పేర్లు బడి గోడ మీద ఎందుకు సార్ అన్నారు. సంగతి చెప్పాక ఆ అక్షరాలను తనే కొంచెం పెద్దవి చేశారు.

సోమవారం ప్రార్థన తర్వాత ప్యాంటు సంగతి చెప్పాను. చెప్పి క్లాసుకు పొమ్మంటే ఆరో తరగతి అబ్బాయి ఒకడు కదల్లేదు. "సార్, చివరికి అందరికీ ప్యాంట్లు ఇచ్చారా?" అన్నాడు. కొన్నేళ్లు పట్టిందిరా, కానీ అందరికీ ఇచ్చారు అన్నాను. అప్పుడు వెళ్లాడు.